ముప్పై రెండో ఆకు

దావీదు పడిన చప్పుడు విన్నవాడు పెంచలయ్య ఒక్కడే.

పెద్ద చప్పుడేమీ కాదు. తడి గోనెసంచిని కింద వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. అందరూ కింద గేటు దగ్గర అన్నాలకు కూర్చున్న వేళ. పెంచలయ్య ఏడో అంతస్తు మెట్ల దగ్గర నీళ్ల క్యాను దించి భుజం మార్చుకుంటున్నాడు. ఆ చప్పుడుకు పది నిమిషాల ముందు ఒక మాట కూడా విన్నాడు. సైట్ ఇన్‌చార్జి కిషోర్ బాబు మాట అది.

"పైన ప్లై తక్కువ పడింది. లిఫ్టు గుంత మీది ప్లై ఎత్తుకపోండి. సాయంత్రం మళ్లా వేద్దాం."

లిఫ్టుకని వదిలిన గుంతకు ఏడో అంతస్తులో మూతగా వేసిన ఆ ప్లైవుడ్ పలకను ఒరిస్సా కుర్రాళ్లిద్దరు ఎత్తుకుపోయారు. తర్వాత స్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగ్ పనిచేసే దావీదు రెండు భుజాల మీదా చెక్కలు పెట్టుకుని, రోజూ నడిచే దారినే నడిచాడు. చెక్కలు అడ్డం. కాలి కింద ఏముందో కనపడదు. నిన్న ఉన్నది ఇవాళా ఉంటుందనుకున్నాడు.

పెంచలయ్య మెట్లు దిగి వచ్చేసరికి కిషోర్ బాబు గుంత దగ్గరే ఉన్నాడు. కంపెనీ కారు వెనక తలుపు తీసి ఉంది. అప్పటికే ఒకడు పైపు పట్టుకుని గుంత అంచులు కడుగుతున్నాడు. కిషోర్ బాబు తల తిప్పి చూశాడు. కేకలు వెయ్యలేదు, బెదిరించలేదు. మెల్లిగా అడిగాడు.

"దావీదు అన్నాలకు ముందే పని వొదిలేసి బయటికి పోయినాడంట. నువ్వేమన్నా చూసినావా వాడ్ని, పెంచలయ్యా?"

"లే సార్."

"లే గదా. అంతే."

ఆ సాయంత్రానికి దావీదును బైపాస్ మీద ఎవరో లారీతో గుద్ది పోయినట్టు కాగితాల్లో ఎక్కింది. ప్లై ఎత్తిన కుర్రాళ్లిద్దర్నీ మర్నాడే తడ ఊరి దగ్గర ఇంకో సైటుకు పంపేశారు. గుంత మీద కొత్త ప్లై వచ్చింది. వారం తిరక్కముందే అదీ పోయింది.

పెంచలయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చిట్టమూరు పక్క ఊరి బడిలో ఐదు దాకా చదివి, కౌలు నేల చేజారాక నెల్లూరు వచ్చి, ఇరవై ఎనిమిదేళ్లు శేషాచల విలాస్‌లో ఆకులు వేశాడు. ట్రంకు రోడ్డు మీద ఆ హోటలు తెలియని రైతు లేడు. కోర్టుకొచ్చినవాళ్లూ, ఆస్పత్రికొచ్చినవాళ్లూ, వడ్లమ్మి వచ్చినవాళ్లూ ఆ పొడుగు హాల్లో కూర్చుని తిన్నారు. దాన్ని పడగొట్టి, అదే చోట పదిహేను అంతస్తులు లేపుతున్నారు. కింద అంగళ్లు, వాటి పైన ఆఫీసులు, వాటి పైన ఇళ్లు, అన్నిటికీ పైన కొత్త హోటలు. పేరు మాత్రం పాతదే ఉంచారు: శేషాచల హైట్స్. గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో పెంచలయ్య బొమ్మే ఉంది. తెల్ల పంచె కట్టించి, చేతికి అరిటాకిచ్చి, నవ్వమని చెప్పి తీసిన ఫోటో. పైన హోటలు తెరిస్తే నీకు ఆకు వేసే పని అని మాటిచ్చారు. అందాకా సైటులో నీళ్లు మొయ్యమన్నారు.

దావీదు ఆ ఫ్లెక్సీని చూసినప్పుడల్లా ఏడిపించేవాడు. "మావా, నీకు గేటు మీద ఉద్యోగం, నాకేమో గాల్లో ఉద్యోగం. బువ్వ మాత్రం ఇద్దరికీ కింద మట్టిలో."

చిన్నప్పుడు చర్చి అయ్యాక తండ్రి వేలు పట్టుకుని శేషాచల విలాస్‌కు వచ్చేవాడు దావీదు. హాలు మూల కిటికీ పక్కన కూర్చుని, కొస ఉన్న ఆకే వెయ్యమని మొండికేసేవాడు. మధ్యన కోసిన ముక్కాకు వేస్తే మూతి ముడుచుకునేవాడు. ఈ సైటులో మళ్లీ కలిసినప్పుడు మొదట అన్న మాట అదే. "కొసాకు నాకే గదా మావా?"

కొత్త లిఫ్టు గుంత సరిగ్గా పాత హోటల్లో చేతులు కడుక్కునే తొట్టి దగ్గర వచ్చింది. అది పెంచలయ్యకు ఒక్కడికే తెలుసు. గోడలు లేకపోయినా అతని కాళ్లకు పాత హాలు గుర్తుంది. ఇక్కడ గల్లా. ఇక్కడ వంటింటి గడప, కొంచెం వంగి పోవాలి. లేని గడప దగ్గర ఇప్పటికీ తల వంచేవాడు. దావీదు పోయినప్పటి నుంచీ గుంత పక్కన నడుస్తుంటే చారు వాసన వచ్చేది. ఎవరో చేతులు కడుక్కుంటున్నట్టు నీళ్ల చప్పుడు వినపడేది. తొంగి చూస్తే అడుగున నిలిచిన నీళ్లు, ఆ నీళ్లలో పైనున్న చదరపు ఆకాశం, దాని అంచున తన తలకాయ.

చప్పుళ్లు అతనొక్కడికే కాదు. పొద్దు వాలితే ఏడో అంతస్తులో సుత్తి దెబ్బలు వినపడుతున్నాయని ఒరిస్సా జట్టు పైకి పోనంది. ఆడవాళ్లు గుంత పక్కన నడవడం మానేశారు. మనుషులంతా కలిసి కిషోర్ బాబు దగ్గరికి పోయి శాంతి చేయించమని అడిగారు. ఆయన ఎంత సంతోషంగా ఒప్పుకున్నాడో చెప్పలేం. మరుసటి పొద్దునే బూడిద గుమ్మడికాయ వచ్చింది, నిమ్మకాయల దండ వచ్చింది, హారతి వెలిగింది.

అల్లూరు తట్టునుంచి వచ్చి ఇసక జల్లెడ పట్టే ఆదిశేషమ్మ ఆ గుమ్మడికాయ కింద నిలబడి నడుం మీద చెయ్యేసుకుంది.

"మా ఊర్లో కాసింత రొయ్యపిల్ల గుంతకు గూడా కాకులు పడకుండా వల కడతారు. ఈడ మనుషులు పడే గుంతకు గుమ్మడికాయ కట్టినారు. మనం అడిగింది గూడా అదే గదమ్మే. సిగ్గు లేదు మనకి."

ఎవరూ నవ్వలేదు.

దావీదు పెళ్లాం లిల్లీ రోజూ గేటు దగ్గరికి వచ్చేది. సరిగ్గా నవ్వుతున్న పెంచలయ్య బొమ్మ కింద నిలబడేది. లోపలికి పోయే ప్రతి మనిషినీ ఒకే మాట అడిగేది. అరిచేది కాదు.

"అన్నా, శవాన్ని కడిగింది నేనే. రెండు చేతులకీ చెక్కలకు పూసే షట్టరింగు నూనె. సబ్బుతో రుద్దినా పోలే. బైపాస్ మీద నడిచే మనిషికి చేతుల్నిండా నూనె ఎట్టొస్తాదన్నా?"

కిషోర్ బాబుది కూడా వాళ్ల చర్చే. ముందు వరసలో కూర్చుంటాడు. సమాధుల తోటకు పూలదండ పట్టుకుని వచ్చి, పాదిరిగారి కన్నా ముందు మట్టి వేశాడు. పదిహేను రోజులయ్యాక లిల్లీకి ఆయనే సైటులో ఇటుకలు మోసే పనిచ్చాడు. లోపలికి తెచ్చుకుంటే గేటు దగ్గర నిలబడదని ఆయన లెక్క. ఆమె పనిలో చేరింది. అయినా అడగడం మానలేదు. గంపలో ఇటుకలు ఎత్తించుకుంటూ అడిగేది, దించుకుంటూ అడిగేది. పెంచలయ్య నీళ్లిస్తే గ్లాసు తిరిగిస్తూ అడిగేది.

"మావా, నువ్వు ఆ పూట పైనే ఉండినావంట గదా?"

"కింద ఉన్నా తల్లీ."

ఆ అబద్ధం అతని నోట్లో ఉప్పు రాయిలా ఉండిపోయేది. ఎంత నీళ్లు తాగినా కరిగేది కాదు.

ఆదివారం సాయంత్రం పెన్నగట్టు పక్కన రేకుల షెడ్లలో మీటింగు పెట్టారు. భవన నిర్మాణ కార్మికుల సంఘం మనిషి విజయభాస్కర్ వచ్చాడు. ఒకప్పుడు తాపీ మేస్త్రి, ఇప్పుడు ఎడంచెయ్యి పైకి లేవదు. నలభై మంది దాకా చేరారు. లోకల్ జట్టూ ఒరిస్సా జట్టూ రెండు పక్కల కూర్చున్నాయి, మధ్యన పాయ తీసినట్టు.

"వల కట్టాలని అడుగుదాం," అన్నాడు విజయభాస్కర్. "దావీదు ఈ సైటులోనే చచ్చిపోయినాడని రాయమని అడుగుదాం. ఈ రెండే. ఇంకేం వద్దు."

"అడిగితే మనల్ని తీసేసి ఒరిస్సా వాళ్లను పెట్టుకుంటారు," అన్నాడొక లోకల్ మేస్త్రి.

ఆ పక్కనుంచి ఒరిస్సా జట్టు పెద్ద బలరాం లేచాడు. "మాకు ఏం చెప్తాడు తెలుసా కిషోర్ బాబు? మీరు మాట్లాడితే లోకల్ వాళ్లను పెడతా అంటాడు. ఇద్దరికీ ఒకే మాట." రెండు వేళ్లు చూపించి, వాటిని ఒక్కటిగా నొక్కాడు. "ప్లై తీసింది మా పిల్లలే. వాళ్లు ఫోన్‌లో ఏడుస్తారు. చెప్పమంటే భయం."

"పిల్లలు తీసినారు, నిజమే. తియ్యమన్నది ఎవరు?" అంది ఆదిశేషమ్మ.

"అది విన్నవాళ్లు కావాల," అన్నాడు విజయభాస్కర్. "తడనుంచి ఆ పిల్లలొచ్చి చెప్పినా, తమ తప్పు సారు మీదికి తోస్తన్నారంటారు. విన్నోళ్లు ఇంకొకరుండాల. చూసినోళ్లు ఒక్కరున్నా చాలు."

రేకుల మీద గాలి కొడుతోంది. పెంచలయ్య చివర గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. అందుకే అందరూ తననే చూస్తున్నట్టనిపించింది. నోరు తెరిచాడు. వక్క నములుతున్నట్టు దవడ ఆడింది. పైన హోటల్లో ఆకు వేసే పని గుర్తొచ్చింది. యాభై ఆరేళ్ల వయసులో ఇంకెక్కడ ఏం మొయ్యగలడో గుర్తొచ్చింది. మీటింగు ఏ తీర్మానమూ లేకుండా ముగిసింది. లిల్లీ అందరికన్నా చివర లేచింది. పోతూ పోతూ ఏమీ అడగలేదు. ఆ రోజు ఒక్కరోజే ఆమె అడగలేదు.

తొమ్మిదో స్లాబు రోజొచ్చింది.

కట్టేవాళ్లకు ఒక సంగతి తెలుసు. కట్టించేవాళ్లకూ తెలుసు గానీ, కట్టేవాళ్లు దాన్ని తలుచుకోకుండా ఉంటే బాగుండుననుకుంటారు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పోసింది గట్టిపడుతుంది, పైన పోసేది దానితో అతకదు, అతుకు దగ్గర బలం ఉండదు. అందుకే ఆ రోజు అందరూ ఒక్కసారి తినరు. సగం మంది కింద తింటుంటే సగం మంది పైన పోస్తుంటారు. అందుకే ఆ ఒక్కరోజు యజమాని కూలీలకు అన్నం పెడతాడు. ఎక్కడైనా అది ఆనవాయితీ.

ఈసారి యజమానే స్వయంగా వస్తున్నాడు, వీడియో తీసేవాళ్లు కూడా వస్తున్నారు. కిషోర్ బాబు పెంచలయ్యకు కొత్త పంచె ఇచ్చాడు. "పాత హాలు ఉండిన చోటనే బంతి వేద్దాం. నువ్వే ఆకులెయ్యాల. ఫ్లెక్సీలో ఉండినట్టే నవ్వు. మొదటి బంతికి ముప్పై ఒక్కమంది."

శేషాచల విలాస్‌లో పెంచలయ్య ఎప్పుడూ తలలు లెక్కపెట్టలేదు. గడపలో నిలబడి వచ్చేవాళ్ల మొహాలు ఒకసారి చూసేవాడు, చెయ్యి తనంతట తనే ఆకులు తీసేది. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక ఆకు ఎక్కువ పడలేదు, ఒకటి తక్కువ పడలేదు. ఆ రోజు కూడా మెట్లు దిగి వస్తున్న జట్టును ఒకసారి చూశాడు. వరసగా వేసుకుంటూ పోయాడు. కొస ఎడమవైపుకు, నీళ్లు చల్లి, చేత్తో తుడిచి. లేని గడప దగ్గర తల వంచాడు. మూల దగ్గరికి వచ్చేసరికి కట్టలోంచి కొసాకు వెతికి తీశాడు. కిటికీ ఉండిన చోట వేశాడు. లేచి నిలబడ్డాడు.

మనుషులు కూర్చున్నారు. ముప్పై ఒక్కమంది కూర్చున్నారు. ఒక ఆకు మిగిలింది.

వరస చివరినుంచి గుసగుస మొదలై, మధ్యకు వచ్చేసరికి ఆగిపోయింది. ఆ మూల ఆకు కొస గాలికి లేచి పడుతోంది. దాని పక్కన కూర్చున్న కుర్రాడు మెల్లిగా జరిగాడు, మనిషికి చోటిచ్చినట్టు.

పెంచలయ్య తను చేసిన పని అప్పుడు చూశాడు. మెట్లు దిగే మొహాల్లో అతను ఆ మొహాన్ని కూడా చూశాడు. సందేహం లేదు, చూశాడు. జుట్టు మీద చెక్కపొట్టు కూడా ఉంది.

"ఎవరిదా ఆకు?" కిషోర్ బాబు వీడియో వాళ్ల పక్కనుంచి వచ్చాడు. "ఎక్కువేసినావు. తీసెయ్. ఖాళీ ఆకు బాగుండదు ఫోటోలో."

"ఏసిన ఆకు తియ్యరు సార్," అన్నాడు పెంచలయ్య. "ఈ హోటల్లో ఎప్పుడూ తియ్యలేదు. వడ్డించాల."

"హోటలేంది? హోటలు యాడుంది ఇప్పుడు?"

పెంచలయ్య గంప ఎత్తుకుని మూలకు పోయాడు. ఉప్పు వేశాడు. ఊరగాయ వేశాడు. పప్పు, అన్నం, కోడికూర. అన్నం మధ్యలో గుంట చేసి నెయ్యి పోశాడు. మిగతా ఆకుల మీదా వంటవాళ్లు వడ్డించారు గానీ, ఇవన్నీ చేస్తున్నంతసేపూ ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. పై నుంచి పంపు చప్పుడు మాత్రం వస్తోంది, ధన్ ధన్ మని.

లిల్లీ నాలుగో ఆకు దగ్గర కూర్చుని ఉంది. కూర్చునే అడిగింది.

"అది ఎవరిది మావా?"

"నీ మొగుడిది తల్లీ."

గిన్నె కింద పెట్టాడు. అతనికి వినపడిందల్లా తన గొంతే. ఇన్నాళ్లూ నీళ్ల చప్పుడు కింద మునిగి ఉన్న గొంతు.

"ఏడో అంతస్తులో పడినాడు. నేను మెట్ల కాడ ఉండినా. గుంత మీది ప్లై ఎత్తుకపోండి, సాయంత్రం మళ్లా ఏద్దాం అన్నది ఈయన. నా చెవులతో విన్నా. ఆ పూట అందరూ అన్నం తింటంటే ఆ గుంతలో చచ్చిపోయినాడు మీ ఆయన. లారీ లేదు, బైపాస్ లేదు. చూసినావా అంటే లేదన్నా. ఒక్క మాటే అన్నా. ఆ మాటతో మీ ఆయన్ని మళ్లా చంపినా."

లిల్లీ ఏడవలేదు. లేచి పోయి మూల ఆకు ముందు కూర్చుంది. ఆకు పక్కన నేల మీద చెయ్యి ఆనించింది.

"ముసలోడికి మతి పోయింది," అన్నాడు కిషోర్ బాబు. "తినండబ్బా. తిని పైకి పోండి. రెండో బంతి కాచుకొనుంది. స్లాబయినాక అన్నీ మాట్లాడుకుందాం."

ఆదిశేషమ్మ కదలకుండా అంది: "ఆ పొద్దు గూడా ఇదే మాట గదా. ప్లై సాయంత్రం ఏద్దాంలే అని. కాదు సార్. ఈ పొద్దు ముందు మాట, తర్వాతే స్లాబు."

ఎవరో మెట్లెక్కి పోయారు. ఏం చెప్పారో, ఏ భాషలో చెప్పారో గానీ, కాసేపటికి పంపు చప్పుడు ఆగింది. ఆ చప్పుడు ఆగాక ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, గుంతలో నీటిబొట్టు పడటం అందరికీ వినిపించింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. బలరాం ముందు, వెనక ఒరిస్సా జట్టంతా, మోకాళ్ల దాకా సిమెంటుతో దిగి వచ్చారు. కూర్చున్నవాళ్ల వెనకాల వరసగా నిలబడ్డారు; ఒకడు లిల్లీ లేచిన ఆకు ముందు కూర్చున్నాడు. ఆ రోజుకు మధ్యన పాయ లేదు.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "గంటన్నర. గంటన్నర దాటితే జాయింటు పడుతుంది, స్లాబు అతకదు. బండ్లలో కాంక్రీటు మాల్ గట్టిపడుతుంది."

"అయితే గంటన్నర ఉంది మీకు," అన్నాడు బలరాం. "దావీదు ఇక్కడే చచ్చిపోయాడు అని రాయండి."

ట్రంకు రోడ్డు మీద రెడీమిక్స్ కాంక్రీటు బండ్లు ఒకదాని వెనక ఒకటి డ్రమ్ములు తిప్పుకుంటూ ఆగిపోయాయి. బస్సులు ఆగాయి. గేటు బయట జనం చేరారు. కబురంది విజయభాస్కర్ వచ్చాడు. యజమాని కారు వచ్చింది గానీ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. కిషోర్ బాబు ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి పోయాడు. లోకల్ వాళ్లతో ఒరిస్సా వాళ్ల గురించి చెప్పాడు, ఒరిస్సా వాళ్లతో లోకల్ వాళ్ల గురించి చెప్పాడు. చివరికి లిల్లీ పక్కన వంగి, దేవుని పేరు చెప్పి మాట్లాడబోయాడు.

"దేవుడు ఆ పూట యాడున్నాడో నాకు తెలీదు సార్," అందామె తలెత్తకుండా. "మీరు యాడున్నారో ఇప్పుడు తెలిసింది."

గంటన్నర దాటింది. పైన తొమ్మిదో స్లాబు సగంలో గట్టిపడింది.

పోలీసులు వచ్చారు. ఎస్సై వరస మొత్తం చూసి అడిగాడు. "పని ఆపించింది ఎవడు?"

"నేను చెప్తా రాసుకోండి సార్," అన్నాడు పెంచలయ్య. "ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎవరు ప్లై తియ్యమన్నారు, అంతా చెప్తా."

"అది కాదు నేనడిగేది. పని ఆపించింది ఎవడని."

"దావీదు," అంది ఆదిశేషమ్మ. "పట్టుకపోండి."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. నెల తర్వాత ఆ సైటులో వినపడిన మొదటి నవ్వు అది. ఎస్సై మొహం ఎర్రబడింది. పెంచలయ్యను, విజయభాస్కర్‌ను జీపెక్కించమన్నాడు. జనం లేచి దారికి అడ్డం వచ్చారు. పెంచలయ్యే చెయ్యెత్తి ఆపాడు.

"కూర్చోండి. మీరు లేస్తే ఆకు తీసేస్తారు. స్టేషన్లో గూడా నా మాట ఇదే. ఎన్నిసార్లడిగినా ఇదే."

అతను జీపెక్కుతుంటే ఎస్సై ఒక కానిస్టేబుల్‌కు మూల చూపించాడు. "ఆ ఆకు ఎత్తి పారెయ్." కానిస్టేబుల్ పోయి వంగాడు. లిల్లీ అతని మొహంలోకి చూసింది. అతను టోపీ తీసి, చంకలో పెట్టుకుని, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

జీపు కదిలింది. పెంచలయ్య వెనక్కి తిరిగి చూశాడు. గేటు మీద తన బొమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది, చేతిలో ఆకుతో. ఆ బొమ్మ కింద నుంచి, రోడ్డవతల కడుతున్న ఆస్పత్రి బిల్డింగు కూలీలు తట్టలు చేత పట్టుకునే లోపలికి పోతున్నారు. లోపల ముప్పై రెండు ఆకుల ముందూ మనుషులు కూర్చునే ఉన్నారు. తిన్నవాళ్లు లేరు, లేచిపోయినవాళ్లు లేరు. బంతి అయిపోయిందని చెప్పేది ఆకు మడత. అక్కడ ఒక్కరూ ఆకు మడవలేదు.